ఇత్తడి బిళ్ళ

నా పేరు కోటేశ్వరి.
పని, కోట్లు తగిలించడం.
తెలుగులో చెప్తే నవ్వొచ్చే సంగతి,
బ్లూమ్స్‌బరీలో ఎవరికీ రాదు.

పదకొండేళ్ళుగా మ్యూజియం గుమ్మం పక్కన
నీళ్ళోడే గొడుగులు, పిల్లల తోపుడుబళ్ళు,
ఒకసారి ఎవరిదో పెళ్ళిగౌను
అందుకోవడం, ఇత్తడి బిళ్ళ చేతిలో పెట్టడం.
బిళ్ళ చూపిస్తే తిరిగివ్వడం.
పోగొట్టుకున్నవాళ్ళు
రంగు చెప్పాలి, జేబులో ఏముందో చెప్పాలి.
రూలు అది. నేను పెట్టింది కాదు.

ఫిబ్రవరిలో పదిరోజులు కావాలన్నాను.
ఎక్కడికి, అంది డిలిస్.
అమరావతికి.
లోపల గదిలోనే ఉందిగా, అంది
గడ్డంతో కారిడార్ వైపు చూపించి.

ఉంది. కాదనను.
టీ తాగే పావుగంటలో వెళ్ళి నిలబడుతుంటాను.
అద్దం వెనక పల్నాటి రాయి.
లావుపాటి పూలదండ మోస్తున్న పొట్టివాళ్ళు,
ఎవరూ దించుకోమనలేదు కాబోలు, ఇంకా మోస్తున్నారు.
ఒక పలక మీద రెండు పాదాలు.
పైన మనిషి లేడు.
నడవకుండా ఇంతదూరం వచ్చిన పాదాలు.

నేను పుట్టింది ఫిరంగిపురం.
అక్కణ్ణుంచి బస్సులో గంటన్నర.
తమ్ముడి పుట్టువెంట్రుకలకి వెళ్ళాం ఒకసారి.
గుడి చూశాం, కృష్ణలో మునిగాం,
పులిహోర తిని, విస్తళ్ళు మడిచి, వచ్చేశాం.
పక్కనే దిబ్బ ఉందని ఒక్కరూ అనలేదు.
దాని పేరు నాకు చెప్పింది
మఫ్లర్ మర్చిపోయి వెనక్కొచ్చిన ఓ తెల్లాయన.
"డీపాల్డినీ" అన్నాడు.
మూడుసార్లు అనిపించుకున్నాక అర్థమైంది,
దీపాలదిన్నె.
ఆ రోజు రెండు కోట్లు తారుమారుగా ఇచ్చాను.

డిలిస్ కూడా వస్తానంది.
లెక్కల పుస్తకం వెనకపేజీలో రాసుకున్నాం:
హీత్రూ, హైదరాబాదు, గుంటూరుకి రాత్రి రైలు,
తెల్లారి ఆర్టీసీ బస్సు.
దోమలకి మందు. ఆమె మోకాలికి పట్టీ.
చూడ్డానికి ఎంతసేపు?
అరగంట.
ఏముంటుంది?
గుండ్రంగా మట్టి. గడ్డి.
నిలబెట్టిన రాళ్ళు కొన్ని.
అరగంటెందుకు మరి, అంది.
వేల్స్ మనిషి, దాపరికం లేదు.

అన్నీ ఇక్కడికే రాలేదు, అది కూడా చెప్పాలి.
కొన్ని మద్రాసులో దిగాయి.
కొన్నిటిని బట్టీలో పేర్చి సున్నం కాల్చారట,
మనవాళ్ళే.
ఏ గోడకి పూశారో,
ఏ ముసలమ్మ తమలపాకు మీద వేలితో రాసుకుని
ఎర్రగా నవ్విందో.
వాటికి బిళ్ళ లేదు.

నిన్న మూసేవేళ
ఏడాదిగా ఎవరూ అడగని ఉన్ని తొడుగొకటి విప్పాను.
నీలం పోగు, మూరలకొద్దీ వచ్చింది.
అద్దానికి ఆ చివర డిలిస్, ఈ చివర నేను,
పాదాల పలక కొలత తీశాం.
కాపలా ఉన్న ఒలువోలే
గోడవైపు తిరిగి గడియారం చూసుకున్నాడు,
గోడకి గడియారం లేదు.

ఉన్ని సాగుతుంది. తెలుసు.
బెత్తెడు తేడా రావచ్చు.
అయినా ఆ మట్టి మీద పరిచి చూస్తాను
ఎక్కడ సరిపోతుందో.
సరిపోకపోతే
చుట్టుకుని మళ్ళీ జేబులో పెట్టుకుంటాను.

సెలవు కాగితంలో కారణం అన్న గడి ఉంది.
కుటుంబం, అని రాసి కొట్టేశాను.
విహారం, అని రాసి కొట్టేశాను.
చోటు కొంచెమే మిగిలింది.
వస్తువు గుర్తుపట్టడానికి, అని ఇరికించాను.

సూపర్‌వైజరు చదవలేదు,
శనివారం నీ బదులు ఎవరంటూ సంతకం పెట్టాడు.
డిలిస్ టోపీల ధరలు చూస్తోంది.
బయట వాన మొదలైనట్టుంది,
వరసలో పాతికమంది, చేతుల మీద తడి కోట్లు.